ఆర్.ఇ.ఎం. ‘మర్మర్’: ఏ ఎడిషన్ కొనాలి, ఎలా వినాలి

మొదటిసారి వినబోయేవాళ్లకు ముందే ఒక మాట. అమెరికా రాక్ బ్యాండు ఆర్.ఇ.ఎం. మొదటి ఆల్బం ఇది. ఇందులో పాటగాడు మైకేల్ స్టైప్ పాడే మాటలు సగానికి సగం అర్థం కావు. అది మీ స్పీకరు లోపం కాదు, మీ ఇంగ్లీషు లోపమూ కాదు. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ‘నైన్-నైన్’ పాటలో మాటలు పట్టుకోలేక నలభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. గొంతును కావాలనే మిక్స్‌లో కిందికి దించి, గిటారుకీ బేస్ గిటారుకీ సమానంగా నిలబెట్టారు. ఈ సంగతి తెలియక, పాటగాడి గొంతు ముందుండాలనుకుని వినేవాళ్లు రెండో పాటకే ఆపేస్తారు. తెలిసి వింటే మూడో నాలుగో సారికి పాటలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. రాగాలాపనలో మాటలు లేవని కచేరీ మధ్యలో ఎవరూ లేచిపోరు కదా, ఇక్కడ గొంతునూ ఆ చెవితోనే వినాలి.

‘మర్మర్’ 1983 ఏప్రిల్ 12న ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్ కంపెనీ నుంచి వచ్చింది. పన్నెండు పాటలు, 44 నిమిషాలు. ఇంగ్లీషులో ఆ మాటకు గొణుగుడు అని అర్థం. మన సంస్కృత నిఘంటువుల్లో మర్మరధ్వని అంటే ఎండుటాకుల చప్పుడు. ఈ ఆల్బంకు రెండో అర్థమే ఇంకా బాగా అతుకుతుందని మా నమ్మకం. అట్ట చూడండి: అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చెట్లనూ స్తంభాలనూ పాడుబడ్డ ఇళ్లనూ కప్పేసే కుడ్జు తీగ, బూడిద రంగులో, ఆ చివర నుంచి ఈ చివర దాకా. వెనక అట్టమీద ఒక పాత చెక్క రైలు వంతెన. లోపలి పాటలూ అలాగే ఉంటాయి, ఆకులు పక్కకు తప్పిస్తేగానీ కింద ఏముందో కనిపించదు.

బ్యాండు పుట్టిన ఊరు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్. యూనివర్సిటీ ఊరు. గిటారు వాయించే పీటర్ బక్ అక్కడ వక్స్‌ట్రీ రికార్డ్స్ అనే షాపులో పనిచేసేవాడు. ఆర్ట్ చదువుతున్న మైకేల్ స్టైప్ అదే షాపుకి రికార్డులు కొనడానికి వచ్చేవాడు. బేస్ వాయించే మైక్ మిల్స్, డ్రమ్స్ వాయించే బిల్ బెరీ మేకన్ నుంచి వచ్చిన పాత దోస్తులు. ఒకప్పుడు చర్చిగా ఉండి మూతపడ్డ భవనంలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో, 1980 ఏప్రిల్ 5న నలుగురూ మొదటిసారి జనం ముందు వాయించారు. అప్పటికి బ్యాండుకి స్థిరమైన పేరు కూడా లేదు. తర్వాత నిఘంటువు తెరిచి ఆర్.ఇ.ఎం. అన్న మూడక్షరాలు ఎంచుకున్నారు.

ఆ తర్వాత చేసిన పనులన్నీ చిన్నవే, కానీ ఏదీ తొందరపడి చేసింది కాదు. 1981 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో, ప్రొడ్యూసర్ మిచ్ ఈస్టర్ తన తల్లిదండ్రుల ఇంటి గరాజులో నడిపే డ్రైవ్-ఇన్ స్టూడియోకి వెళ్లి ‘రేడియో ఫ్రీ యూరప్’ రికార్డు చేశారు. హిబ్-టోన్ అనే చిన్న లేబుల్ మొదట వెయ్యి కాపీలు అచ్చు వేసింది. అందులో ఆరు వందలు అమ్మకానికి కాదు, రేడియోలకీ పత్రికలకీ పంచడానికి. ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. చేతిలో ఉన్నవే వెయ్యి, వాటిలో సగం కన్నా ఎక్కువ ఊరికే ఇచ్చేయడం అప్పట్లో చాలామందికి వృథా ఖర్చులా కనిపించి ఉంటుంది. కానీ కాలేజీ రేడియోల్లో రాత్రిపూట రికార్డులు వేసే కుర్రాళ్ల చేతికి చేరినవి ఆ ఆరు వందలే. ఏడాది చివర న్యూయార్క్ టైమ్స్ పదిమేటి సింగిల్స్ జాబితాలో ఆ పాట చేరింది. మేనేజర్ జెఫర్సన్ హోల్ట్ నడిపే పాత నీలం వ్యాన్‌లో, మనిషికి రోజుకు తిండి ఖర్చు 2 డాలర్లు పెట్టుకుని, దొరికిన ప్రతి క్లబ్బులోనూ వాయించుకుంటూ తిరిగారు. ఆర్.సి.ఎ. లాంటి పెద్ద కంపెనీని కాదనుకుని 1982లో ఐ.ఆర్.ఎస్.తో సంతకం చేశారు. అదే ఆగస్టులో ఐదు పాటల చిన్న రికార్డు ‘క్రానిక్ టౌన్’ వచ్చింది.

‘మర్మర్’ ఎందుకు ఇలా వినిపిస్తుందో తెలియాలంటే 1982 డిసెంబర్‌లో జరిగిన ఒక పొరపాటు తెలియాలి. కంపెనీ ఈ బ్యాండుని స్టీఫెన్ హేగ్ అనే ప్రొడ్యూసర్‌తో బాస్టన్‌లో కూర్చోబెట్టింది. ఆయన పద్ధతి వేరు: తాళం తప్పకుండా చెవిలో టిక్కుటిక్కుమంటూ లెక్క చెప్పే క్లిక్ ట్రాక్ పెట్టడం, ‘క్యాటపల్ట్’ అన్న ఒక్క పాటనే మళ్లీ మళ్లీ వాయించడం, చివరికి బ్యాండుని అడగకుండానే టేపు తీసుకెళ్లి కీబోర్డులు చేర్చడం. క్లిక్ ట్రాక్ చెడ్డదేమీ కాదు. కానీ ఈ బ్యాండులో తాళం ఒక్క డ్రమ్మర్ దగ్గరే లేదు. బెరీ, మిల్స్ చిన్నప్పటి నుంచీ కలిసి వాయిస్తూ ఒకరినొకరు ముందుకు లాగుతూ వెనక్కి వదులుతూ పాటను నడిపిస్తారు. ఆ ఊపిరిని గడియారానికి కట్టేస్తే పాట చచ్చిపోతుంది. ఇష్టం లేదని కంపెనీకి గట్టిగా చెప్పి, మిచ్ ఈస్టర్ కావాలని అడిగారు. ముందు పరీక్షగా ఒక్క పాట చేసి చూపించమంది కంపెనీ. అది ‘పిల్‌గ్రిమేజ్’. విన్న కంపెనీ ఒప్పుకుంది. ఈస్టర్‌కి తోడు డాన్ డిక్సన్ చేరాడు. 1983 జనవరి, ఫిబ్రవరిల్లో షార్లట్‌లోని రిఫ్లెక్షన్ స్టూడియోలో మిగతా ఆల్బం పూర్తయింది.

వద్దనుకున్నవి ముందే తేల్చుకున్నారు: గిటారు సోలోలు వద్దు, ఆ కాలంలో ప్రతి రికార్డులోనూ మోగుతున్న సింథసైజర్లు వద్దు. ఈ ఆల్బం 1983లో పుట్టిందని విని చెప్పడం కష్టమవడానికి కారణం ఆ రెండు నిర్ణయాలే. ఆ ఏడాది వచ్చిన మిగతా రికార్డులు పక్కన పెట్టి వినండి, డ్రమ్ మెషీన్ల మోత, కీబోర్డుల మెరుపు వాటికి పుట్టిన సంవత్సరం ముద్ర వేసేశాయి. దీనిమీద ఆ ముద్ర లేదు.

ఇక పాటలు. ‘రేడియో ఫ్రీ యూరప్’ మొదట్లో వచ్చే గరగర శబ్దం మీ యాంప్లిఫయర్‌ది కాదు. స్టూడియోలో వినిపించిన హమ్మును పారేయకుండా బేస్ వాయిద్యంతో ముడిపెట్టి, తెరుచుకుని మూసుకునేలా పాటకు గుమ్మంగా వాడుకున్నారు. ‘టాక్ అబౌట్ ద ప్యాషన్’లో చెల్లో సన్నగా వచ్చి చేరుతుంది, చిన్న స్పీకర్లలో అది అసలు తెలియదు. ఎల్పీ మొదటి వైపు చివరి పాట ‘పర్ఫెక్ట్ సర్కిల్’ ఈ ఆల్బం గుండె. దీని బాణీలో ఎక్కువ భాగం డ్రమ్మర్ బెరీదే. రెండు పియానోలు ఒకేసారి మోగుతాయి: ఒకటి మామూలు గ్రాండ్ పియానో, ఇంకొకటి సుత్తులకు మేకులు దిగ్గొట్టి గరుకు శబ్దం తెప్పించిన ట్యాక్ పియానో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రెంటి తేడా స్పష్టంగా పట్టుకోవచ్చు. ‘వి వాక్’లో దూరంగా ఉరిమినట్టు వినిపించేది ఉరుము కాదు. బిలియర్డ్స్ బల్లమీద బంతులు గుద్దుకున్న శబ్దాన్ని రికార్డు చేసి వేగం తగ్గించారు. ‘షేకింగ్ త్రూ’లో చివరి పల్లవి ఒక్కసారిగా శ్రుతి పైకి ఎక్కుతుంది, ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరించే చోటు అది. ఆ పాట అయిపోయాక కొన్ని క్షణాలపాటు ఒక చిన్న వాద్య తునక వినిపిస్తుంది. అట్టమీద దాని పేరు ఉండదు.

స్టైప్ స్టూడియో మెట్ల దారి దగ్గర, చీకట్లో నిలబడి పాడాడు. ఆ మసక అక్కడి నుంచే వచ్చింది. అయితే ఒక్క విషయం చాలామంది సమీక్షకులు వదిలేస్తారు: వెనక మిల్స్ పాడే రెండో గొంతు. స్టైప్ ఒక మాట పాడుతుంటే మిల్స్ ఇంకో మాట, ఇంకో బాణీలో పాడతాడు. రెండూ ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోతాయి. ‘సిట్టింగ్ స్టిల్’ మిల్స్ గొంతును మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి, వేరే పాట విన్నట్టుంటుంది.

గిటారు నేర్చుకునేవాళ్లకి ఈ రికార్డు మంచి గురువు, ఒక షరతుమీద. కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టి ఆరు తీగలూ కిందికీ పైకీ గీకే అలవాటు పక్కన పెట్టాలి. పీటర్ బక్ రికెన్‌బ్యాకర్ 360 మీద తీగలను ఒక్కొక్కటిగా మీటుతాడు, పట్టని తీగలను మోగుతూ వదిలేస్తాడు. చేయాల్సింది ఇది: గిటారు శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ పూర్తిగా తీసేయండి. శబ్దం హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ ఉంటే కొద్దిగా పెట్టండి. వేళ్లు పక్క తీగను తగలకుండా నిటారుగా దించండి, లేకపోతే మోగాల్సిన తీగ మూగబోతుంది, ఆ గంటల లాంటి శబ్దం రాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తర్వాతి తప్పు: గిటారుతోనే పాట అంతా నింపాలనుకోవడం. ఈ పాటల్లో బాణీ మోసేది తరచుగా బేస్. మిల్స్ కార్డు మూలస్వరం మీద నిలబడిపోడు, ఎప్పుడూ నడుస్తూనే ఉంటాడు. అందువల్లే గిటారు అంత పలచగా ఉన్నా పాట ఖాళీగా అనిపించదు. బ్యాండులో మంచి బేస్ వాయించేవాళ్లు లేకుండా ఈ పాటలు ఎత్తుకోవద్దు, డొల్లగా వినిపిస్తాయి. ఇంకొకటి, ఎలక్ట్రిక్ గిటారు కింద చాలా చోట్ల అకూస్టిక్ గిటారు పొర ఉంటుంది. ఇంట్లో రికార్డు చేసేటప్పుడు అదే భాగాన్ని అకూస్టిక్‌మీద మళ్లీ వాయించి, వినీ వినిపించనంత తక్కువలో కలపండి. తేడా వెంటనే తెలుస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండో వైపు మొదటి వైపంత బలంగా లేదు. ‘నైన్-నైన్’ వేగంగా, బిగువుగా ఉన్నా పాటగా నిలవదు, స్టేజీమీద బాగుండే సరుకు. ‘వి వాక్’ ముచ్చటైనదే గానీ రెండు పెద్ద పాటల మధ్య ఇరుక్కుపోయింది. డ్రమ్స్ శబ్దం కొందరికి పొడిగా తోస్తుంది. బేస్ డ్రమ్ ఛాతీమీద గుద్దాలని కోరుకునేవాళ్లకు ఈ ఆల్బం నచ్చదు, వాళ్లు ఇదే బ్యాండు 1987లో చేసిన ‘డాక్యుమెంట్’తో మొదలుపెట్టడం మేలు.

కొనే సంగతికి వద్దాం. సీడీ కావాలంటే 2008లో వచ్చిన ఇరవై అయిదేళ్ల రెండు సీడీల ఎడిషన్ తీసుకోండి. మొదటి సీడీలో ఆల్బం. రెండో దాంట్లో 1983 జులై 9న టొరంటోలో లారీస్ హైడవే అనే క్లబ్బులో వాయించిన కచేరీ ఉంది. స్టూడియోలో మసకగా ఉన్న పాటలు స్టేజీమీద ఎంత దురుసుగా, ఎంత వేగంగా ఉండేవో దాంట్లో తెలుస్తుంది. తర్వాతి ఆల్బంలోకి వెళ్లిన ‘సెవెన్ చైనీస్ బ్రదర్స్’ అప్పటికే వాయిస్తున్నారు. 1990ల మొదట్లో యూరప్‌లో వచ్చిన సీడీలో నాలుగు అదనపు పాటలున్నాయి. చవగ్గా దొరికితే తీసుకోవచ్చు, వెతికి ఎక్కువ పెట్టి కొనక్కర్లేదు.

ఎల్పీ అయితే ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు, గాడులు మరీ ఇరుకు కాదు. కానీ రెండు వైపులా చివరి పాటలు లోపలి గాడుల్లో పడతాయి. సూది అరిగిపోయినా, సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ వంకరగా బిగించినా ముందు పాడయ్యేది ‘పర్ఫెక్ట్ సర్కిల్’లోని పియానోలే. పియానో గరగరలాడితే రికార్డును తిట్టే ముందు సూది చూసుకోండి. పాత కాపీ కొనేటప్పుడు దీపం కింద ఏటవాలుగా పట్టి చూడాలి. ఈ అట్ట బూడిద రంగు కాబట్టి లోపలి రికార్డు ఒరిపిడికి పడే గుండ్రటి తెల్లచార ఇట్టే కనిపించేస్తుంది. అట్టమీద చార ఉన్నంత మాత్రాన రికార్డు పాడైనట్టు కాదు, దాన్ని చూపించి ధర తగ్గించమనొచ్చు. మన దగ్గర ఇవి దిగుమతి సరుకే. విజయవాడ, రామగుండం ఎండల్లో కొరియర్ పెట్టె ఒక మధ్యాహ్నం వాకిట్లో పడి ఉంటే చాలు, రికార్డు వంగిపోతుంది. మే నెలలో తెప్పించుకోకపోవడమే మంచిది. వచ్చాక నిలువుగా పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు.

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు మూడు పనులు చేయాలి. షఫుల్ ఆపండి. పాటకూ పాటకూ మధ్య కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి, లేకపోతే మొదటి పాట గరగర, ‘షేకింగ్ త్రూ’ తర్వాతి తునక రెండూ వినపడకుండా కొట్టుకుపోతాయి. డీలక్స్ వెర్షన్ అయితే ‘వెస్ట్ ఆఫ్ ద ఫీల్డ్స్’ దగ్గర ఆపండి. ఆల్బం అక్కడ అయిపోతుంది, ఆ వెంటనే కచేరీ మొదలైతే ముగింపు చెడుతుంది. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. బేస్ వినపడని ‘మర్మర్’ ఉప్పు లేని పప్పు.

ఈ రికార్డు అమ్మకాలతో ప్రపంచాన్ని ఊపలేదు. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బంల పట్టికలో 36వ స్థానం దాకా వెళ్లింది, ఆ ఏడాది చివరికి అమ్ముడైనవి సుమారు రెండు లక్షలు, కంపెనీ ఆశించిన దానికన్నా తక్కువ. కానీ రోలింగ్ స్టోన్ పత్రిక మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ని, పోలీస్, యు2 బ్యాండుల ఆల్బంలను కాదని 1983కి ఉత్తమ ఆల్బంగా దీన్నే ఎంచింది. అక్టోబర్‌లో డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోకి వెళ్లి, ఒక పాట అయ్యాక ఇంకా పేరైనా పెట్టని కొత్త పాట వాయించారు. తర్వాతి ఏడాది అదే ‘సో. సెంట్రల్ రెయిన్’ అయింది. పోలీస్ బ్యాండుకి ముందు పెద్ద స్టేడియంలో వాయించే అవకాశం వచ్చింది గానీ అలాంటి చోట్లు వాళ్లకు నచ్చలేదు. మళ్లీ చిన్న హాళ్లకే వెళ్లారు. ఆ తర్వాత ఏటా ఒక ఆల్బం, ఒక్కో మెట్టు. ‘డాక్యుమెంట్’ మొదటి పది స్థానాల్లోకి వెళ్లింది. ఐ.ఆర్.ఎస్. వల్ల విదేశాల్లో రికార్డులు సరిగ్గా అందడం లేదని విసిగి 1988లో వార్నర్‌కి మారారు. అంతర్జాతీయ పేరు రావడానికి బాణీ ఎంత ముఖ్యమో, ఊరూరా షాపుల్లో రికార్డు దొరకడం అంత ముఖ్యమని వాళ్లకు తెలుసు. బక్ మాండలిన్ నేర్చుకుంటూ కట్టిన బాణీ 1991లో ‘లూజింగ్ మై రిలీజియన్’గా వచ్చింది, ఆ పాట ఉన్న ఆల్బం ‘ఔట్ ఆఫ్ టైమ్’ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటికి మొదటి కచేరీ జరిగి పదకొండేళ్లు.

అన్నేళ్లు నలుగురూ విడిపోకుండా ఉండటానికి ఒక పక్కా ఏర్పాటు ఉంది. కొత్తగా బ్యాండు పెట్టేవాళ్లు పాట కన్నా ముందు ఇది రాసుకోవాలి. బాణీ ఎవరు తెచ్చినా పాటలకు పేర్లు నలుగురివీ వేశారు: బెరీ, బక్, మిల్స్, స్టైప్. డబ్బు సమానంగా పంచుకున్నారు. పాటల రాయల్టీ గిటారు వాయించేవాడికో పాడేవాడికో మాత్రమే పోతే, ఒక హిట్టు రాగానే ఒకరికి ఇల్లు, ఇంకొకరికి అద్దె బాకీ మిగులుతుంది. బ్యాండులు విరిగిపోయేది ఎక్కువగా అక్కడే. ‘పర్ఫెక్ట్ సర్కిల్’ లాంటి పాటను డ్రమ్మర్ ముందుకు తెచ్చే ధైర్యం కూడా ఈ ఏర్పాటు వల్లే వచ్చిందనుకుంటాం.

అట్లాంటా చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఏథెన్స్ తూర్పుగా సుమారు 110 కిలోమీటర్లు, ఒక శనివారం పని. మొదటి కచేరీ జరిగిన చర్చిని 1990లో పడగొట్టారు, ఓకోనీ వీధిలో దాని గోపురం ఒక్కటే నిలిచి ఉంది. వెనక అట్టమీది చెక్క వంతెన శిథిలమైతే ఆ చోటే నడక వంతెన కట్టారు. వేసవిలో వెళ్తే దారి పొడవునా కుడ్జు తీగ కనిపిస్తుంది, అట్ట ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

‘మర్మర్’ నచ్చితే రెండో కొనుగోలు ‘క్రానిక్ టౌన్’. 2022లో విడి సీడీగా వచ్చింది, అంతకుముందు ‘డెడ్ లెటర్ ఆఫీస్’ అనే సంకలనం సీడీ చివర్లో కలిపి ఇచ్చేవాళ్లు. మూడోది 1988 నాటి సంకలనం ‘ఎపానిమస్’, అందులో ఒక్క పాట కోసం. గరాజులో చేసిన మొదటి ‘రేడియో ఫ్రీ యూరప్’ దాంట్లో ఉంది. ‘మర్మర్’లోని దానికన్నా వేగం, గరుకు. బ్యాండుకి అదే ఎక్కువ ఇష్టం. రెండూ ఒకదాని వెంట ఒకటి వేసి, ముందు బేస్ మాత్రమే, తర్వాత గొంతు మాత్రమే పట్టుకుని వినండి.